కబురు పంపని పిట్యూటరీ

నీరసం, మలబద్ధకం, అందరూ ఫ్యాను వేసుకుని కూర్చుంటే తనొక్కరికే దుప్పటి కావాలనిపించే చలి. ఇవి చెప్పగానే ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: "ఒకసారి థైరాయిడ్ చూపించుకో." ల్యాబుకు వెళ్లి రక్తం ఇస్తారు. సాయంత్రానికి రిపోర్టు వస్తుంది. టీఎస్‌హెచ్ 2.1. ఉండాల్సిన హద్దుల్లోనే ఉంది. "థైరాయిడ్ ఏమీ లేదట" అని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు.

ఎక్కువమంది విషయంలో ఆ మాట నిజమే. కొద్దిమంది విషయంలో మాత్రం పూర్తిగా తప్పు. వాళ్ల ఒంట్లో థైరాయిడ్ హార్మోను నిజంగానే తగ్గిపోయి ఉంటుంది. అలాగని థైరాయిడ్ గ్రంథి చెడిపోలేదు. పని చెయ్యమని దానికి కబురు పంపాల్సిన పిట్యూటరీ గ్రంథి చతికిలబడింది. వైద్యులు దీన్ని హైపోపిట్యూటరిజం అంటారు. స్పెయిన్‌లో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం లక్షమందిలో సుమారు 45 మందికి ఈ జబ్బు ఉంది. అరుదైనది కావడంతో ఎవరికీ వెంటనే తట్టదు. పైగా ఇది ఒకేసారి ఒకే రూపంలో బయటపడదు. నీరసానికి ఒక డాక్టరు, నెలసరి ఆగినందుకు మరో డాక్టరు, సోడియం పడిపోతే ఇంకో ఆసుపత్రి. ముక్కలు ముక్కలుగా తిరుగుతూ ఏళ్లు గడిచిపోతాయి. ఆ ముక్కల్ని ఒక్కచోట పేర్చి చూస్తేనే జబ్బు దొరుకుతుంది.

అర గ్రాము గ్రంథి చేసే పని

ముక్కు మొదలుకు వెనకగా, పుర్రె అడుగున, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. బఠాణీ గింజంత పిట్యూటరీ అందులో ఒదిగి ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. బడి పుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నది దీన్నే. సన్నని కాడ ఒకటి దీన్ని పైనున్న మెదడు భాగం హైపోథాలమస్‌తో కలుపుతుంది. కంటి నరాలు రెండూ కలిసే చోటు కూడా దీనికి సరిగ్గా పైనే ఉంది. లక్షణాలు అర్థం కావాలంటే ఈ ఇరుగుపొరుగుల్ని గుర్తుపెట్టుకోవాలి.

గ్రంథి ముందు భాగం ఆరు ముఖ్యమైన హార్మోన్లు తయారు చేస్తుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ను పనిచేయిస్తుంది. ఏసీటీహెచ్ మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ తయారు చేయిస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండూ ఆడవారిలో అండాశయాలను, మగవారిలో వృషణాలను నడిపిస్తాయి. గ్రోత్ హార్మోను పిల్లల ఎదుగుదలకు, పెద్దల కండబలానికి అవసరం. ప్రొలాక్టిన్ బాలింతకు పాలు పడేలా చేస్తుంది. వెనక భాగం సొంతంగా ఏదీ తయారు చేయదు. హైపోథాలమస్‌లో తయారైన రెండు హార్మోన్లను నిల్వచేసి వదులుతుంది. వాటిలో వాసోప్రెసిన్ మూత్రంలో నీరు వృథాగా పోకుండా కాపాడుతుంది.

థైరాయిడ్ బద్ధకిస్తే పిట్యూటరీ ఊరుకోదు. పని చెయ్యమని కబురు మీద కబురు పంపుతుంది. అందుకే మామూలు థైరాయిడ్ జబ్బులో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మనకు అలవాటైన పరీక్ష పట్టుకునేది ఆ పెరుగుదలనే. అసలు కబురు పంపేదే చతికిలబడితే టీఎస్‌హెచ్ ఎలా పెరుగుతుంది? తక్కువగానో, కొన్నిసార్లు "నార్మల్"గానో కనిపిస్తుంది. థైరాయిడ్ హార్మోను ఇంతగా తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ ఆ హద్దుల్లో ఉండటమే తేడా.

ఎందుకు చెడుతుంది?

పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం పిట్యూటరీలోనే పెరిగే గడ్డ, అంటే అడినోమా. ఇవి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ గడ్డలు కావు. అయినా ఎముక గుంటలో చోటు ఇరుకు కాబట్టి, గడ్డ పెరిగేకొద్దీ పక్కనున్న మంచి కణాలు నలిగిపోతాయి. గడ్డ తీసే ఆపరేషన్ వల్ల, ఆ ప్రాంతానికి ఇచ్చే రేడియేషన్ వల్ల కూడా గ్రంథి దెబ్బతినవచ్చు. రేడియేషన్ దెబ్బ వెంటనే తెలియదు. ఏళ్ల తర్వాత ఒక్కో హార్మోనూ తగ్గుతూ వస్తుంది. చిన్నప్పుడు తలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు క్యాన్సర్ నయమైపోయినా హార్మోన్ పరీక్షలు మానకూడదని చెప్పేది అందుకే.

రెండో కారణం కాన్పుతో ముడిపడింది. గర్భంతో ఉన్నప్పుడు, పాల హార్మోను తయారు చేసే కణాలు పెరగడంతో పిట్యూటరీ ఉబ్బుతుంది. దానికి తగ్గట్టు రక్తసరఫరా మాత్రం పెరగదు. అలాంటి సమయంలో కాన్పులో విపరీతంగా రక్తం పోయి బీపీ పడిపోతే, గ్రంథికి రక్తం అందక అందులో కొంత భాగం చచ్చిపోతుంది. గ్లాస్గోలో పనిచేసిన పాథాలజిస్టు హెరాల్డ్ షీహాన్ 1937లో దీన్ని వివరంగా రాశారు. షీహాన్ సిండ్రోమ్ అన్న పేరు ఆయన మీదుగా వచ్చిందే. ఆసుపత్రి కాన్పులు స్థిరపడిన దేశాల్లో ఇది బాగా తగ్గింది. మన దేశంలో పరిస్థితి వేరు. కశ్మీర్‌లో జరిపి 2005లో ప్రచురించిన అధ్యయనం, పిల్లల్ని కన్న 20 ఏళ్లు దాటిన స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఇది ఉండవచ్చని అంచనా వేసింది. బాధితుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇంట్లో పురుడు పోసుకున్నవాళ్లే.

తెలుగు పల్లెల్లోనూ ఒకప్పుడు మంత్రసాని చేతి మీదుగా ఇంట్లోనే కాన్పులయ్యేవి. అప్పటి బాలింతలు ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు. "పెద్ద పురిట్లో రక్తం బాగా పోయింది, చచ్చి బతికాను" అని వాళ్లు చెప్పేది వైద్యుడికి చాలా విలువైన సమాచారం. ఆ తర్వాత పాలు పడలేదంటే తిండి సరిపోలేదన్నారు. నెలసరి మళ్లీ రాలేదంటే తొందరగా ఆగిపోయిందిలే అని ఊరుకున్నారు. నిజానికి ఈ రెండూ షీహాన్ సిండ్రోమ్‌లో అన్నిటికంటే ముందుగా కనిపించే గుర్తులు.

మూడో కారణం పొలానికి వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది: రక్తపింజర కాటు. ఈ పాము విషం రక్తం గడ్డకట్టే పద్ధతినే తారుమారు చేస్తుంది. సన్నని రక్తనాళాల్లో చిన్నచిన్న గడ్డలు కడతాయి, మరోచోట రక్తం ఆగకుండా కారుతుంది. మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లిన వాళ్లున్నారు. అదే దెబ్బ పిట్యూటరీకీ తగలవచ్చు. బర్మాలో రక్తపింజర కాటుకు గురైనవారిలో షీహాన్ సిండ్రోమ్‌ను పోలిన పిట్యూటరీ వైఫల్యం వస్తోందని 1987లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. మన దేశంలోనూ ఇలాంటి కేసులు నమోదయ్యాయి. విషానికి విరుగుడు ఇచ్చినా బీపీ నిలవడం లేదన్నా, రక్తంలో చక్కెర పదేపదే పడిపోతోందన్నా కార్టిసాల్ పరీక్ష గుర్తుకు రావాలి. కొందరిలో జబ్బు కాటు వేసిన నెలలకో, ఏళ్లకో బయటపడుతుంది. అప్పటికి పాముకాటు సంగతి ఎవరూ అడగరు, రోగీ చెప్పడు.

ఇంకా కొన్ని కారణాలున్నాయి. బైకు ప్రమాదాల్లో తలకు తగిలే గట్టి దెబ్బ. మెదడు పొరలకు సోకే క్షయ. రోగనిరోధక వ్యవస్థే పిట్యూటరీ మీద దాడి చేసే హైపోఫిసైటిస్. ఇది గర్భం చివరి నెలల్లో, కాన్పు తర్వాత రావచ్చు, క్యాన్సర్‌కు ఇచ్చే కొన్ని ఇమ్యూనోథెరపీ మందుల వల్ల కూడా వస్తుంది. తలసీమియా పిల్లల్లో తరచూ ఎక్కించే రక్తంలోని ఇనుము గ్రంథిలో పేరుకుపోతుంది. ఎదుగుదల మందగించడం, ఈడు వచ్చినా రజస్వల కాకపోవడం, మగపిల్లల్లో గొంతు మారకపోవడం దాని ఫలితమే. పుట్టుకతోనే జన్యులోపం ఉన్నవాళ్లు కొందరు.

స్టెరాయిడ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. కీళ్ల నొప్పులకనో, ఆయాసానికనో చీటీ లేకుండా నెలల తరబడి ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్ బిళ్లలు మింగేవాళ్లు చాలామంది. బయటినుంచి వచ్చి పడుతున్నప్పుడు తాను అడగాల్సిన పనేముందని పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం మానేస్తుంది. ఆ బిళ్లల్ని ఒక్కసారిగా ఆపితే ఒంట్లో కార్టిసాల్ ఉండదు. ఇక్కడ గ్రంథి చచ్చిపోలేదు, నిద్రపోయింది. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గిస్తే చాలామందిలో మళ్లీ మేలుకుంటుంది.

లక్షణాలు: ఏది తగ్గితే ఏమవుతుంది?

గడ్డ నొక్కినప్పుడు, రేడియేషన్ తర్వాత సాధారణంగా ముందు గ్రోత్ హార్మోను, తర్వాత ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఆ తర్వాత టీఎస్‌హెచ్, ఏసీటీహెచ్ తగ్గుతాయి. అందరిలో ఇదే వరస ఉండాలని లేదు. హైపోఫిసైటిస్‌లో ఏసీటీహెచ్ ముందే పడిపోవచ్చు.

ప్రాణం మీదికి తెచ్చేది ఏసీటీహెచ్ లోపం. కార్టిసాల్ తగ్గితే ఆకలి చస్తుంది, బరువు తగ్గుతుంది, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి, వికారం ఉంటుంది. పరగడుపున చక్కెర పడిపోతుంది. నీరు ఒంట్లో నిలిచి రక్తంలో సోడియం తగ్గుతుంది. మగతగా, పొంతనలేని మాటలతో పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, సెలైన్ పెట్టి సోడియం సరిచేసి పంపడం, మళ్లీ కొన్నాళ్లకు అదే కథ. ఇలా రెండోసారి జరిగితే కార్టిసాల్ చూడమని ఇంటివాళ్లే అడగవచ్చు. అడ్రినల్ గ్రంథులే చెడిపోయిన అడిసన్స్ జబ్బులో చర్మం, చిగుళ్లు నల్లబడతాయి, పొటాషియం పెరుగుతుంది. పిట్యూటరీ వల్ల వచ్చే లోపంలో చర్మం పాలిపోయినట్టుంటుంది, పొటాషియం మామూలుగానే ఉంటుంది.

టీఎస్‌హెచ్ తగ్గితే మొదట్లో చెప్పుకున్న చలి, మలబద్ధకం, నీరసంతో పాటు చర్మం పొడిబారుతుంది, మాటలో, నడకలో మాంద్యం వస్తుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గితే ఆడవారిలో నెలసరి తప్పుతుంది, సంతానం కలగదు. మగవారిలో కోరిక తగ్గుతుంది, గడ్డం పెరగడం నెమ్మదిస్తుంది. రోజూ గీసుకునేవాళ్లు వారానికోసారి గీసుకున్నా సరిపోతోందంటే అదొక గుర్తు. చంకల్లో, మర్మావయవాల దగ్గర వెంట్రుకలు పలచబడటం ఇద్దరిలోనూ కనిపిస్తుంది. అడిగితే తప్ప ఈ సంగతులు ఎవరూ నోరు విప్పి చెప్పరు.

గ్రోత్ హార్మోను లోపం పిల్లల్లో సులువుగా తెలుస్తుంది. తోటివాళ్లు ఎదుగుతుంటే ఆ పిల్లవాడికి పోయినేటి నిక్కరే ఈ ఏడూ సరిపోతుంది. బడికి వెళ్లే వయసు పిల్లలు ఏడాదికి 4 సెంటీమీటర్ల కన్నా తక్కువ పెరుగుతుంటే డాక్టరుకు చూపించాలి. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఎత్తు పెంచే అవకాశం ఉండదు. పసికందులో చక్కెర మాటిమాటికీ పడిపోవడం, పసిరికలు వారాలు గడిచినా తగ్గకపోవడం, మగబిడ్డ అంగం మరీ చిన్నదిగా ఉండటం పుట్టుకతో వచ్చిన పిట్యూటరీ లోపానికి సూచనలు కావచ్చు.

వాసోప్రెసిన్ తగ్గితే రోజుకు 3 లీటర్లకు మించి నీళ్లలాంటి మూత్రం పోతుంది, రాత్రిళ్లు లేచి లేచి నీళ్లు తాగుతారు. షుగర్ పరీక్ష చేస్తే మామూలుగా ఉంటుంది. మామూలు అడినోమా ఆపరేషన్‌కు ముందే ఈ లక్షణం తేవడం అరుదు. అందుకే ఇది ఉంటే వైద్యులు వేరే కారణాల కోసం గట్టిగా వెతుకుతారు.

గడ్డ పెద్దదైతే తలనొప్పి వస్తుంది. పైనున్న కంటి నరాలు నలిగి రెండు పక్కల చూపూ తగ్గుతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి రోగికి తెలియదు. పక్కనుంచి వచ్చే బండి కనిపించక గుద్దుకుంటాడు. అద్దాలు మార్చినా ఫలితం ఉండదు. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, మగత వస్తే గడ్డలో రక్తస్రావం జరిగి ఉండవచ్చు. అది క్షణం ఆలస్యం చేయకూడని స్థితి.

అంకెల్ని జంటగా చదవాలి

నిర్ధారణలో కీలకం ఇదే. పిట్యూటరీ పంపే హార్మోనును, దాని మాట విని కింది గ్రంథి తయారు చేసే హార్మోనును పక్కపక్కన పెట్టి చూడాలి. కిందిది తగ్గి, పైది పెరిగితే లోపం కింది గ్రంథిలో ఉంది. కిందిది తగ్గినా పైది పెరగకపోతే లోపం పైన ఉంది.

థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్‌తో పాటు థైరాయిడ్ హార్మోను అయిన ఫ్రీ టీ4 చూడాలి. మగవారికి ఉదయంపూట టెస్టోస్టిరాన్, దానితో ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్. నెలసరి ఆగిన వయసు స్త్రీకి ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి తీరాలి. వేరే పెద్ద అనారోగ్యమేదీ లేకుండా ఆ వయసులో అది తక్కువగా ఉందంటే పిట్యూటరీని అనుమానించాలి. ప్రొలాక్టిన్ తక్కువైతే షీహాన్ సిండ్రోమ్‌కు బలం చేకూరుతుంది. బాగా ఎక్కువైతే ప్రొలాక్టిన్ తయారు చేసే గడ్డ కావచ్చు. అలాంటి గడ్డలు చాలావరకు ఆపరేషన్ లేకుండా బిళ్లలతోనే తగ్గుతాయి కాబట్టి, కత్తి పట్టే ముందు ఈ పరీక్ష తప్పనిసరి.

కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గుతుంది. అందుకే ఉదయం 8, 9 గంటల మధ్య రక్తం ఇవ్వాలి. సాయంత్రం ఇచ్చిన నమూనాతో ఏమీ తేలదు. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపం ఉన్నట్టే. 15 దాటితే చాలావరకు లేనట్టే. మధ్యలో ఉంటే గ్రంథిని రెచ్చగొట్టే పరీక్ష చేయాలి: ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి అరగంటకు, గంటకు కార్టిసాల్ ఎంత పెరిగిందో చూస్తారు. పిట్యూటరీ దెబ్బతిన్న మొదటి కొన్ని వారాల్లో అడ్రినల్ ఇంకా బలంగానే ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష తప్పుడు ధైర్యం ఇవ్వవచ్చు. ఇన్సులిన్‌తో చక్కెరను 40 కిందికి దించి చూసే పరీక్ష మరింత నమ్మకమైనది. కాకపోతే దాన్ని ఆసుపత్రిలో డాక్టరు కళ్లెదుటే చేయాలి. మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారికి చేయకూడదు.

గ్రోత్ హార్మోను రోజులో అప్పుడప్పుడూ మాత్రమే విడుదలవుతుంది. ఏదో ఒక వేళ రక్తం తీసి దాన్ని కొలవడం డబ్బు దండగ. బదులుగా దాని మాట విని ఒంట్లో తయారయ్యే ఐజీఎఫ్-1 చూస్తారు, అవసరమైతే రెచ్చగొట్టే పరీక్ష చేస్తారు. మూత్రం అతిగా పోతుంటే రక్తం, మూత్రం రెండింటి చిక్కదనాన్ని పోల్చి, కొందరిలో డాక్టరు పర్యవేక్షణలో కొన్ని గంటలు నీళ్లు ఆపి చూస్తారు.

లోపం ఉందని రక్తం చెప్పాక, ఎందుకన్నది ఎంఆర్‌ఐ చెబుతుంది. రంగు మందు ఎక్కించి పిట్యూటరీ ప్రాంతాన్ని ప్రత్యేకంగా తీయాలి. షీహాన్ సిండ్రోమ్‌లో ఏళ్లు గడిచాక గ్రంథి ఉండాల్సిన గుంట దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. అలాగని వేరే పనికి తీసిన స్కాన్‌లో ఆ గుంట ఖాళీ అని రాస్తే కంగారుపడనక్కర్లేదు. హార్మోన్లు సరిగా ఉన్న చాలామందిలోనూ అలా ఉంటుంది. గడ్డ కంటి నరాలకు దగ్గరగా ఉంటే చూపు ఎంత మేర ఉందో కొలిచే పెరిమెట్రీ కూడా చేయించాలి.

రక్తం ఇచ్చే ముందు, వాడుతున్న ప్రతి మందూ చెప్పాలి. స్టెరాయిడ్ బిళ్లలే కాదు, ఆయాసానికి పీల్చే మందు, తామరకు రాసే ఆయింట్‌మెంటు, మోకాలికి వేయించుకున్న సూది కూడా కార్టిసాల్ అంకెను తగ్గించగలవు. గర్భనిరోధక బిళ్లలు దాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ బిళ్లలు కొన్ని ల్యాబుల్లో థైరాయిడ్ లెక్కల్నే తారుమారు చేస్తాయి.

మందుల్లో వరస తప్పకూడదు

కార్టిసాల్, థైరాయిడ్ రెండూ తక్కువని తేలితే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి, తర్వాతే థైరాక్సిన్ ఇవ్వాలి. థైరాక్సిన్ ముందు ఇస్తే ఒంట్లో ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి రోగి కుప్పకూలే ప్రమాదం ఉంది. ఫ్రీ టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ నార్మల్ అని ఉన్న రిపోర్టు చూసి వెంటనే థైరాయిడ్ బిళ్ల మొదలుపెట్టకుండా కార్టిసాల్ చూడమనేది ఇందుకే. బీపీ పడిపోయి రోగి స్పృహ తప్పుతుంటే మాత్రం రిపోర్టు కోసం ఆగరు; రక్తం తీసిపెట్టి వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇస్తారు.

మామూలు రోజుల్లో పెద్దవాళ్లకు హైడ్రోకార్టిసోన్ సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా సరిపోతుంది. ఒంట్లో తయారు కానిదాన్ని భర్తీ చేస్తున్నాం కాబట్టి "స్టెరాయిడ్ మంచిది కాదట" అని ఎవరో అన్నారని మానేయకూడదు. జ్వరం వస్తే డాక్టరు ముందే చెప్పినట్టు మోతాదు రెట్టింపో, మూడింతలో చేసుకోవాలి. వాంతులై బిళ్ల నిలవకపోతే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ అయినా, పన్ను పీకించుకోవడమైనా ముందే చెప్పాలి. జబ్బు పేరు, మందు పేరు రాసిన కార్డు జేబులో ఉండాలి.

థైరాక్సిన్ మోతాదును వీళ్లకు ఫ్రీ టీ4 చూసి నిర్ణయిస్తారు, టీఎస్‌హెచ్ చూసి కాదు. మందు వాడుతుంటే టీఎస్‌హెచ్ అట్టడుగుకు పోతుంది. ల్యాబు దాన్ని ఎర్ర అక్షరాల్లో అచ్చు వేస్తుంది. ఆ ఒక్క అంకె చూసి "మందు ఎక్కువైంది" అని ఎవరైనా తగ్గించబోతే, ఇది పిట్యూటరీ వల్ల వచ్చిందని రోగే గుర్తు చేయాలి. సెక్స్ హార్మోన్లు, గ్రోత్ హార్మోను వయసును, అవసరాన్ని బట్టి ఇస్తారు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇంజెక్షన్ల సాయంతో ఆ అవకాశమూ ఉంది.

వీటిలో చాలా పరీక్షలు జిల్లా కేంద్రాల్లోని ల్యాబుల్లోనే దొరుకుతున్నాయి. కొరవడేది అనుమానం. అందుకే ఎండోక్రినాలజిస్టు దగ్గరికో, మీ ఊరి ఫిజీషియన్ దగ్గరికో వెళ్లేటప్పుడు కొన్ని సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్లండి: కాన్పులో రక్తం ఎక్కువగా పోయిందా, పాలు పడ్డాయా, నెలసరి తిరిగి వచ్చిందా, పాము ఎప్పుడైనా కరిచిందా, తలకు పెద్ద దెబ్బ, ఆపరేషన్, రేడియేషన్ ఏమైనా జరిగాయా, స్టెరాయిడ్లు ఎన్నాళ్లు వాడారు. ఎంత పాతదైనా సరే, అడగకపోయినా సరే, చెప్పండి. నీరసంతో పాటు వీటిలో ఏ ఒక్కదానికైనా అనుమానం కలిగించే జవాబు వస్తే, టీఎస్‌హెచ్ ఒక్కటితో ఆగకుండా ఫ్రీ టీ4, ఉదయపు కార్టిసాల్ కూడా చేయించమని అడగడం మీ హక్కు.